మిద్దె దూలంతో చేసిన అద్దాల బీరువా

ఆ అద్దాల బీరువా ఏ అంగట్లో కొన్నారు జేజీ అని అడిగినావు కదా అబ్బీ. అది కొన్నది కాదప్పా. ఈ ఇంటి పాత మిద్దె విప్పినప్పుడు దిగిన దూలంతో, దంతెలతో, వాకిలి చెక్కతో ఈ యాపచెట్టు కిందనే చేసింది. మీ నాయనకు కూడా ఆ కత సగమే తెలుసు. ఇట్లా మంట దగ్గరికి జరుగు. ఆ చెనిక్కాయలు నిప్పుల మీద వద్దు, పక్కన ఉడుకు బూడిదలోకి తోయి, మాడకుండా కాలుతాయి. పాపకు దుప్పటి కప్పు. కుడతినిలో చలి ఉండేది ఈ పుష్యమాసం కొన్నాళ్ళే గాని, ఉన్నన్నాళ్ళూ ఎముకలు కొరుకుతుంది.

నేను ఆదోని పక్క పల్లె పిల్లను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లా చీలిపోయె. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయె. బళ్ళారి, హొసపేట, సిరుగుప్ప, సండూరు, కూడ్లిగి, హడగలి, హరపనహళ్ళి మైసూరుకు పోయె. అంతకు ముందు అందరమూ మద్రాసు రాష్ట్రమే. మా నాయనకు కుడతిని ఎప్పుడూ పక్క ఊరే. మధ్యలో గీత పడినా నా సంబంధం ఈడనే చూసినాడు. పెండ్లై వచ్చినప్పుడు ఈ ఇంట్లో మాట తెలుగు, బడిలో మాట కన్నడం, సంతలో రెండూ. ఇప్పుడూ అంతే.

అప్పుడు ఈ ఇల్లు మట్టి మిద్దె. మూరెడు మందం రాతి గోడలు. ఈ గోడ నుంచి ఆ గోడకు యాప దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద సన్న కట్టెలు పరిచి, ఆకు అలము వేసి, ఆపైన మందంగా చవుడు మన్ను మెత్తేవాళ్ళు. చవుడు వాననీళ్ళను కిందికి దిగనీదు. ఏటా వానలు పడకముందే మిద్దె ఎక్కి పాతది సరిచేసి కొత్త చవుడు వేయాల. ఒక ఏడు ఆ పని తప్పితే ఇల్లంతా కారుతుంది. ఎండాకాలం బళ్ళారి సీమ ఎండ సంగతి మీకు చెప్పేదేముంది, ఆ మిద్దె కింద మాత్రం మిట్టమధ్యాన్నం కూడా నిద్ర పట్టేది.

గోడల్లో గూళ్ళు ఉండె. దీపం గూడు, దేవుని గూడు, పొయ్యి పక్కన ఉప్పు గూడు. మా అత్త తనకు ప్రాణమైన వస్తువులన్నీ పడమటి గోడ గూట్లో పెట్టి ముందర గుడ్డ కట్టేది. చుట్టాలు వస్తే గుడ్డ తొలగించి, ఒక్కొక్కటీ చేతికిచ్చి, ఎవరిదో ఎప్పటిదో చెప్పేది. వాళ్ళు పోయినాక మళ్ళా గుడ్డ. పొగ, తేమ, ఎలుక, చెద, అన్నీ ఆ గూటి మీదికే వచ్చేవి. గూట్లో పట్టనివి ట్రంకు పెట్టె అడుగున ఉండె. పెట్టె అడుగున పడిన వస్తువు ఇంట్లో ఉన్నా ఎవరి కంటికీ ఆనదు. పెట్టినామె పోతే అది ఏందో చెప్పేవాళ్ళు కూడా ఉండరు.

ఒక ఏడు శ్రావణంలో వాన పట్టి విడవలేదు. పడమటి గోడ దగ్గర చవుడు జారి, మన్నూ నీళ్ళూ గూట్లోకి దిగె. మా అత్త లాంతరు వెలుతురులో గూట్లో చేయి పెట్టి తడుముకుంటా ఏడ్చె. ఆమె కంట నీళ్ళు నేను చూసింది ఆ రాత్రే. దాంట్లో ఉన్న బొమ్మలకేం కాలేదు గాని, మామ తెచ్చుకున్న నాటకం కాగితం ఒక మూల తడిసి అక్షరాల రంగు పాకిపోయె. తెల్లారినాక మా మామ, ఈ మిద్దె విప్పి బండల కప్పు వేద్దామన్నాడు. "నీ కప్పు వేసుకో. దానికంటే ముందు నా వస్తువులకు ఒక ఇల్లు కట్టు" అనె అత్త. బీరువా పుట్టింది ఆ మాటతోనే.

మిద్దె విప్పుతా ఉంటే అందరికీ ఆశ్చర్యమయ్యె. దూలం పుచ్చిపోయి ఉంటుందని అనుకున్నాము. గోడలో దూరిన కొస మాత్రం జానెడు మేర చెద తినింది. మిగతాదాని మీద బాడిస వేస్తే ఖంగుమని మోగె. లోపల చెక్క ఎర్రగా, చేవ తేలి ఉండె. యాపకు ఆ గుణం ఉంది. చేవ పట్టిన యాపను పురుగు అంత తొందరగా ముట్టదు. పాత వాకిలి మాత్రం టేకు. ఆ కాలంలో దాండేలి అడవుల టేకు ఈ దిక్కు చాలా ఇండ్లకు వచ్చేది. వాకిలి ద్వారబంధం విప్పి మూల వేసి ఉంటే మీ తాత దాని మీది సున్నం గీకి చూపించినాడు. సున్నం కింద చెక్క బంగారు రంగులో నిగనిగలాడె.

మా ఊరి వడ్ల తాతను పిలిపించినాము. నాగళ్ళు, గుంటకలు, బండి చక్రాలు చేసేది ఆయనే. ఆ పనికి ఏడాదికి ఒకసారి కళ్ళంలో మేర కొలిచేవాళ్ళం, బీరువా పనికి మాత్రం దినకూలి. ఆయన వచ్చి చెక్క ముట్టుకోలేదు. "ఏమేం పెట్టాలనుకుంటారో అవన్నీ ముందు చాప మీద పెట్టండి" అన్నాడు. అత్త ఒక్కొక్కటీ తెచ్చి చాప మీద వరసగా పెట్టింది. ఆయన కొలబద్దతో ప్రతిదాని ఎత్తూ, వెడల్పూ కొలిచి, చేత్తో బరువు చూసుకొని, నేల మీద బొగ్గుతో అరలు గీసినాడు. పొడుగు వస్తువుకు ఎత్తు అర, చిన్నవాటికి పొట్టి అర, బరువైనది అడుగున. ఇప్పుడు అంగళ్ళలో అమ్మే షోకేసులు చూస్తా ఉంటాను. అరలన్నీ ఒకే ఎత్తు. వస్తువు అరకు సరిపోకపోతే వస్తువునే పక్కన పెట్టేస్తారు. ఆ పద్ధతి నాకు నచ్చదు. బీరువాను వస్తువును చూసి చేయాల.

ఆ చాప మీద ఏమేం ఉండెనో చెప్తాను. రేపు బీరువా ముందు నిలబడితే గుర్తు పట్టగలరు.

ఎర్రచందనం బొమ్మలు ఒక జంట. అవి తిరుపతి బొమ్మలు. పెండ్లిలో ఆడపిల్ల వెంట మగ, ఆడ జంట బొమ్మలు పంపేది మన దిక్కు పాత ఆనవాయితీ. అత్త పెండ్లికి వాళ్ళమ్మ ఇచ్చినవి. దసరా కొలువు పెట్టేటప్పుడు పై మెట్టు మీద ముందు కూర్చునేవి అవే. వాటి ముక్కూ మొగమూ అరిగిపోయి ఉంటాయి, చూడండి. ఎంతమంది చిన్నపిల్లలు వాటితో ఆడుకొని ఉంటారో.

ఇత్తడి పడి ఒకటి. వడ్లూ జొన్నలూ కొలిచింది. మద్రాసు సర్కారు ముద్ర దాని అంచు కింద ఉంటుంది. కిలోలు, లీటర్లు వచ్చినాక పడులూ శేర్లూ పాతసామాను వాళ్ళకు పోయె. అత్త దీన్ని ఇయ్యలేదు. చిల్లు కాణీల దండ ఒకటి. రెండో ప్రపంచ యుద్ధం నాడు రాగి కొరత వచ్చి, 1943 నుంచి నడుమ చిల్లు పెట్టి కాణీలు పోసినారు. పిల్లలు మొలతాడుకు కట్టుకుంటా ఉండ్రి. అత్త దారానికి గుచ్చి పెట్టింది.

మా మామ నంబరు బిళ్ల ఒకటి, ఇత్తడిది. ఆయన పడుచుతనంలో హొసపేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట పనిలో రాళ్ళ బండి తోలినాడు. పొద్దున పనిలోకి పోయేటప్పుడు బిళ్ల చూపించాల, సాయంత్రం బిళ్ల చూసి హాజరు వేసేవాళ్ళు. 1945లో మొదలైన పని అది, 1953లో నీళ్ళు నిలిచినాయి. సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్కీ గచ్చుతో రాళ్ళు పేర్చి అంత పెద్ద ఆనకట్ట కట్టినారు. ఈ పొద్దు బళ్ళారి, ఆదోని దిక్కుల్లో మడికి పారే కాలువ నీళ్ళకు వెనకాల అట్లాంటి బిళ్లలు మెడలో వేసుకున్నోళ్ళు వేలమంది ఉండారు. వాళ్ళ పేర్లు ఏ రాతి పలక మీదా లేవు. మామ ఆ బిళ్లను చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఒకసారి పంచె కొంగుతో తుడిచేవాడు.

ఇంక నాటకం కాగితం. అది బళ్ళారి రాఘవ నాటకం కరపత్రం. రాఘవ అంటే మీకు బళ్ళారిలో రాఘవ కళామందిరమే తెలిసి ఉంటుంది. తాడిపత్రి రాఘవాచార్యులు ఆయన, 1880లో పుట్టినాడు, 1946లో పోయినాడు. పేరుమోసిన వకీలు. కోర్టు పని చూసుకొని రాత్రికి వేషం కట్టేవాడు. ఆడవేషాలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టి వాళ్ళను రంగం ఎక్కించినాడు. ఆ రోజుల్లో అది చిన్న సాహసం కాదు. బళ్ళారి ఊరే నాటకాల ఊరు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఈడనే నాటకాలు రాసి ఆడించినాడు. కోలాచలం శ్రీనివాసరావు కూడా ఈడనే రామరాజు చరిత్ర రాసినాడు. విజయనగరం పడిపోయిన కత అది. హంపీకి ఇంత దగ్గర ఊళ్ళో కూర్చొని ఆ కత రాయకుండా ఎవరుంటారు. దాంట్లో రాఘవ పఠాన్ రుస్తుం వేషం కట్టినాడంటే జనం బండ్లు కట్టుకొని పోయేవాళ్ళు. మామ చిన్నతనంలో వాళ్ళ నాయన వెంట ఎద్దులబండిలో పోయి చూసినాడు. పగలంతా ప్రయాణం, రాత్రంతా నాటకం, మళ్ళా పగలంతా ప్రయాణం. తెచ్చుకున్నది ఆ కాగితం ఒక్కటే. రాఘవను రైతుబిడ్డ సినిమాలో కూడా చూసినాడు, 1939 నాటి సినిమా అది. అయినా మామకు రాఘవ అంటే రంగం మీది రాఘవే.

చాప మీద చివరన ఒక రాయి ఉండె. మామ తాత చేను దున్నుతా ఉంటే నాగలి కర్రుకు తగిలిందంట. అరచేతిలో ఇమిడేంత నల్లరాయి. ఒక కొస మొండి, ఇంకో కొస పలుచగా, వంపుగా అరగదీసి ఉండె. వేలితో తాకితే సన్నని అంచు తెలుస్తుంది. కడిగి ఎండలో పెడితే పచ్చని ఛాయ కనపడేది. అది ఏందో ఇంట్లో ఎవరికీ తెలియదు. దేవుని గూట్లో కుంకుమ పెట్టి ఉంచినారు కొన్నాళ్ళు.

ఆ రాయి ఏందో చెప్పింది మీ తాత. మన ఊరి నుంచి తోరణగల్లు దిక్కు పోయే దారిలో, గుట్టల నడుమ బూడికనమ ఉంది కదా, అంత పెద్ద బూడిద దిబ్బ. ఈ ఊరి పెద్దలు అది రాక్షసుల బూడిద అని చెప్తా ఉండ్రి. హంపీ దగ్గర నింబాపురం దిబ్బను వాలిని కాల్చిన చోటు అంటారు, అట్లాంటిదే ఇదీ. 1840ల్లో న్యూబోల్డ్ అనే సైన్యపు ఆఫీసరు ఈ దిబ్బల గురించి రాసినాడు. ఆ తర్వాత రాబర్ట్ బ్రూస్ ఫుట్ వచ్చినాడు. భూమి పొరలు చూసే పనికి సర్కారు పంపిన మనిషి ఆయన. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో పాతరాతి యుగపు పనిముట్టు కనిపెట్టింది ఆయనే. 1870ల నుంచి బళ్ళారి జిల్లా గుట్టలన్నీ కాలినడకన, గుర్రం మీద తిరిగి రాతి గొడ్డళ్ళు, కుండపెంకులు ఏరినాడు. ఈ బూడిద దిబ్బలు పశువుల కొట్టాల దగ్గర పోగైన పేడను పాతకాలం మనుషులు మళ్ళా మళ్ళా కాల్చగా మిగిలినవని పసిగట్టినాడు. తర్వాత ఆల్చిన్ అనే ఆయన అప్పటి పాలమూరు జిల్లా ఉట్నూరు దిబ్బ తవ్వి, 1963లో పుస్తకం వేసి దాన్ని గట్టిగా నిరూపించినాడు. మన తెలుగాయన కట్రగడ్డ పద్దయ్య గారు కూడా గుల్బర్గా దిక్కున బుదిహాళ దిబ్బను ఏండ్ల తరబడి తవ్వి, పక్కనే పశువుల దొడ్డి ఉండిందని చూపించినాడు. బూడికనమలో ఆ వేడికి కరిగి గడ్డకట్టిన చిట్టెం ఇప్పటికీ కనపడుతుంది. వేల ఏండ్ల కిందట ఈడ మన మాదిరే ఎద్దులూ ఆవులూ పెట్టుకొని బతికినారు. వాళ్ళు గట్టిరాయిని పగలగొట్టి, రుద్ది, నున్నగా చేసుకున్న గొడ్డలే ఆ రాయి.

ఆ రాయి సంగతి మీ తాతకు ఎట్లా తెలిసిందంటే, 1964-65లో బళ్ళారి పక్కన సంగనకల్లు గుట్ట దగ్గర తవ్వకం జరిగె. అన్సారీ, నాగరాజరావు అనే ఇద్దరు పండితులు చేయించినారు. మీ తాత ఏదో పని మీద బళ్ళారి పోయి, జనం చెప్పుకుంటా ఉంటే చూసేదానికి పోయినాడు. చూసి వచ్చి రాత్రి అన్నం ముందు కూర్చొని అదే మాట. "ఒక చిన్న పెంకు దొరికినా కడిగి, ఆరబెట్టి, దాని మీద నల్లసిరాతో నంబరు వేస్తా ఉండారు. ఏ గుంతలో, ఎంత లోతులో దొరికిందో పుస్తకంలో రాస్తా ఉండారు. రాయకపోతే అది ఉత్త పెంకేనంట" అన్నాడు. బెండపూడి సుబ్బారావు అనే తెలుగాయన అంతకు చాలా ముందే బళ్ళారి రాతియుగం మీద పుస్తకం రాసినాడని, అది 1948లో అచ్చయిందని కూడా ఆడనే తెలుసుకొని వచ్చినాడు. ఫుట్ దొర ఏరిన వస్తువులు 1904లో మద్రాసు మ్యూజియంకు చేరినాయి. ఆయన 1912లో పోయినాక 1914లో ఒకటి, 1916లో ఒకటి, రెండు పుస్తకాలు వచ్చినాయి. ఏ రాయి ఏ ఊరిదో వాటిలో ఉంటుంది. వందేండ్ల తర్వాత కూడా ఒక రాయి తీసి ఇది ఫలానా ఊరి గుట్ట మీదిది అని చెప్పగలుగుతా ఉండారంటే ఆ రాతే కారణం.

బీరువా ఇంకా చట్రం దశలోనే ఉండె అప్పటికి. మీ తాత అత్తను కూర్చోబెట్టి ఒక్కొక్క వస్తువు గురించి అడిగి అట్ట ముక్కల మీద రాసినాడు. ఎవరిది, యాడి నుంచి వచ్చింది, ఎప్పటిది, ఎవరు ఇచ్చినారు. సిరా తడికి పాకుతుందని పెన్సిలుతో రాసినాడు. జిగురు పెడితే పురుగు పడుతుందని నూలుదారంతో కట్టినాడు. అత్తకు చదువు రాదు. రాసింది చదివించుకొని, "మా అమ్మ ఇచ్చింది అని రాసినావే గాని మా అమ్మ పేరు రాయలేదు" అని పేరు చెప్పి రాయించింది. ఆ చీటీల మీద తప్ప ఆమె తల్లి పేరు ఇంకెక్కడా లేదు. ఏ పట్టాలోనూ లేదు, ఏ కాగితంలోనూ లేదు.

ఇంక పని సంగతి. ముందు ఇద్దరు మనుషులు అటొకరు ఇటొకరు పట్టి లాగే రంపంతో దూలాన్ని పలకలుగా కోసినారు. దాంట్లో పాత మేకులు దిగి ఉంటే రంపం పండ్లు పోతాయని, వడ్ల తాత ముందే అరచేత్తో జాన జానకూ తడిమి మేకులు పీకించినాడు. కోసిన పలకలు వెంటనే వాడలేదు. నీడలో ఒకదాని మీద ఒకటి, నడుమ పుల్లలు పెట్టి, గాలి ఆడేట్టు పేర్చి వదిలేసినాడు. ఎంత పాత దూలమైనా కోసినప్పుడు లోపలి చెక్కకు కొత్తగా గాలి తగులుతుంది. ఈ సీమ ఎండగాలికి వంకర తిరుగుతుంది. తిరిగేదంతా ముందే తిరగనీ అని ఆయన మాట.

నాలుగు నిట్ట కాళ్ళూ టేకువి. అడ్డకమ్ముల కొసలకు కుసులు తీసి, కాళ్ళలో ఉలితో తొలిచిన బెజ్జాల్లో దిగగొట్టినాడు. కుసి చేత్తో తోస్తే సగం పోవాల, సుత్తితో కొడితే మిగతాది పోవాల. ఊరికే జారిపోతే అది కుసే కాదని మళ్ళా చేసేవాడు. దిగినాక అడ్డంగా బర్మాతో బెజ్జం వేసి వెదురు మేకు కొట్టినాడు. చట్రంలో ఇనుప మేకు ఒక్కటి కూడా లేదు, వేలితో తడిమి చూడండి. వెనక పలకలకు మాత్రం జిగురు పెట్టనియ్యలేదు. గాడిలో వదులుగా నిలబెట్టినాడు. వేసవిలో చెక్క ముడుచుకుంటుంది, వానలకు ఉబ్బుతుంది. కదలడానికి చోటు లేకపోతే నడిమికి చీలుతుంది. ఇన్నేండ్లయినా ఆ పలకల్లో చీలిక లేకపోవడానికి అదే కారణం.

జిగురుకు వజ్రం వాడినాడు. పశువుల తోలు ఉడికించి చేసే గడ్డలు అవి. రాత్రి నీళ్ళలో నానబెట్టి, పొద్దున ఒక చిన్న గిన్నెలో వేసి, ఆ గిన్నెను నీళ్ళు కాగే పెద్ద గిన్నెలో పెట్టి కరిగించాల. నేరుగా మంట మీద పెడితే మాడి పట్టు పోతుంది. పుల్లతో ఎత్తితే తేనె తీగ మాదిరి సాగాల. ఆ కంపు మాత్రం పొయ్యింటి దాకా వచ్చేది. ఆ గిన్నె కాపలా నాదే. ఆరేలోగా ఉడుకుడుకుగా పూయాల కాబట్టి "అమ్మా" అని ఆయన పిలిచేసరికి నేను గిన్నె పట్టుకొని పరిగెత్తాల.

అద్దాలు మీ తాత బళ్ళారి బ్రూస్‌పేటలో కొలతలకు కోయించి, గోనెసంచుల్లో వరిగడ్డి నడుమ పెట్టి రైలులో తెచ్చినాడు. అప్పుడు గుంతకల్లు, హొసపేట దారి మీటరు గేజి. ఆ కుదుపులకు పగులుతాయేమోనని దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకొనే కూర్చున్నాడంట. అద్దాలు చట్రంలో నిలబెట్టి చుట్టూ లప్పం పెట్టినాము. సుద్దపొడిలో అవిసె నూనె పోసి, చపాతి పిండి పిసికినట్టే గట్టిగా పిసకాల. అదంతా ఈ చేతులతోనే పిసికినాను. గట్టిపడేదానికి చాలా దినాలు పడుతుంది, అంతవరకు తలుపు ముట్టనియ్యలేదు వడ్ల తాత.

తలుపు అంచుల్లో లోపలి దిక్కు మఖమల్ గుడ్డ పట్టీ ఉంటుంది. దుమ్ము రాకుండా ఆయన చేసిన ఉపాయం. ఈ నల్లరేగడి దుమ్ము ఎంత సన్న సందునైనా దూరుతుంది. అరల మీద పరిచింది అత్త పాత ఇల్కల్ చీర. ఒళ్ళంతా చినిగిపోయి అంచూ కొంగూ మాత్రం మిగిలి ఉండె. పైన లక్క పాలిష్. చపడా లక్కను స్పిరిట్‌లో కరిగించి, మెత్తని గుడ్డ ఉండకు తడిపి, వలయాలుగా రుద్దాల. ఒక పూత ఆరినాక గరుకు కాగితం, మళ్ళా పూత. పదిసార్లకు తక్కువ కాకుండా పూసి ఉంటాము. కాళ్ళ కింద నాలుగు రాళ్ళు పెట్టి, గోడకు బెత్తెడు దూరంలో నిలిపినాడు. చెద నేల నుంచీ గోడ నుంచీ వస్తుంది, కట్టెకు నేరుగా రాదు. పడమటి కిటికీ ఎండ పడే చోట వద్దని, ఉత్తరం గోడకు పెట్టించినాడు. రాఘవ కాగితం రంగు ఇప్పటికీ నిలిచి ఉందంటే ఆయన పుణ్యమే.

ఆ తర్వాత ఈ ఊరి గాలే మారిపోయె. 2000 దాటినాక ఇనుపరాయి లారీలు పగలూ రాత్రీ తిరిగి, చెట్ల ఆకులు కూడా ఎర్రబారె. 2007 తర్వాత ఊరి పక్కన కరెంటు కేంద్రం నడవడం మొదలయ్యె. మఖమల్ పట్టీ రెండుసార్లు మార్పించినాను. మారిస్తే లోపలికి దుమ్ము రాదు. ఏటా దసరాకు ముందు అన్నీ కిందికి దించి, పొడిగుడ్డతో తుడిచి, మూలల్లో కలరా ఉండలు గుడ్డలో కట్టి పెడతాను. ఇత్తడిని చింతపండుతో తోమను. తోమితే ముద్రలు అరుగుతాయి.

రాతి గొడ్డలి ఇప్పుడు బీరువాలో లేదు, మీరు వెతకొద్దు. బళ్ళారిలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరుతో, సంగనకల్లు తవ్వకాల వస్తువులతో మ్యూజియం పెట్టినాక మీ నాయనతో ఆడికి పంపించినాను. చీటీతో సహా. భూమిలో దొరికిన అంత పాతది ఒక ఇంటి సొత్తు కాదు. దాన్ని చదవగలిగినవాళ్ళ దగ్గర ఉండాల. ఈ ఊరి వాళ్ళెవరి ఇంట్లోనైనా అట్లాంటి రాయి ఉంటే ఇదే మాట చెప్పండి. గుట్టలు కంకరకు పోతా ఉండాయి. రాయి ఏ చేనులో దొరికిందో చెప్పగలిగే ముసలివాళ్ళు కూడా పోతా ఉండారు.

మీకు ఇంకొక పని ఉంది. అబ్బీ, నీకు తెలుగు కూడబలుక్కొని చదవడం వస్తుంది, పాపకు అది కూడా రాదు. దానిది తప్పు కాదు, బెంగళూరు బడిలో ఎవరు నేర్పిస్తారు. రేపు పొద్దున బీరువా తెరిచిస్తాను. మీ తాత రాసిన చీటీలు నువ్వు చదువు, పాప వెనకపక్క కన్నడంలో రాయనీ. పెన్సిలుతోనే రాయండి. తెలుగు చీటీని మాత్రం తీసేయొద్దు, దాని మీద మీ ముత్తవ్వ అమ్మ పేరుంది. కింది అరలో చోటుంది. ఈసారి వచ్చేటప్పుడు మీ ఇంట్లోది, మీకు ప్రియమైనది ఒకటి తెచ్చి పెట్టండి, ఎవరిదో రాసి పెట్టండి. బీరువాను పాతసామాను కింద ఎవరడిగినా ఇయ్యొద్దు.